పడుగు దాటకూడదు

“అక్కా, నీ చెట్టుకు ఎర్ర రంగు పూసినారు” అని మా తమ్ముడు ఈరన్న ఎమ్మిగనూరు నుంచి ఫోన్ చేసినప్పుడు నేను ఆదోనిలో మా వీధి చివరి పార్కు గేటు ముందు నిలబడి ఉన్నాను. గేటుకు తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర. లోపల పచ్చగడ్డి, గడ్డిలో ‘గడ్డి మీద నడవరాదు’ అని ఒక బోర్డు, ఆ బోర్డు నీడలో పడుకున్న ఒక కుక్క. పార్కు మొత్తానికి నీడ అనేది ఆ కుక్కకు సరిపడేంతే ఉంది. నాలాంటి రిటైరైనవాళ్లం నలుగురం ఇనప చువ్వలు పట్టుకుని జూ చూడటానికి వచ్చినట్టు లోపలికి చూస్తూ నిలబడ్డాం. అట్లాంటి పొద్దున వచ్చిన ఫోను కాబట్టి నా కోపానికి రెండు కారణాలు ఒకేసారి దొరికాయి. కోపం నాకు కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పినదాన్ని, తప్పు రాసిన మాట కనబడితే ఈ వయసులో కూడా చేయి ఊరుకోదు.

ఈరన్న ఫోటో పంపించాడు. మా కానుగ చెట్టు మొదలు మీద, నడుమెత్తున, ఎర్ర రంగుతో ఒక అడ్డగీత, దాని కింద ఒక నంబరు. ఊరి కొత్త ప్లానులో మా నేతగాళ్ల వీధి మధ్య ఉన్న పడుగుల బయలును పార్కు చేస్తారట. దానికి అడ్డం వచ్చే చెట్ల పట్టిక ఒకటి ఆఫీసు గోడకు అంటించారట. మా చెట్టుకు ఎదురుగా, కారణం అన్న గడిలో, ‘వంగి ఉన్నది, ప్రమాదకరం’ అని రాశారట. బయలుకు ఎదురుగా, ప్రస్తుత వాడకం అన్న గడిలో, ఒకే ఒక మాట రాశారట. ఖాళీ. పార్కు కట్టడానికి చెట్టు కొట్టడమేమిటి అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఈరన్నకు రాలేదు. “మనకేంటికక్కా, పార్కే గదా కడతాండేది, ఏమన్నా సారాయంగడి కడతాండారా” అన్నాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, తన మగ్గం గుంటలో కూర్చుంటే పైన ఆకాశం ఊడిపడినా ఆ వరస ముగిసేదాకా తలెత్తడు. కానీ ఆ చెట్టును వంచినది నేను. అది వాడికీ తెలుసు, అందుకే ఊరి చెట్టు అనకుండా నీ చెట్టు అన్నాడు.

ఆ సంగతి చెప్పాలంటే మా అవ్వ దగ్గరికి పోవాలి. మా నాన్నకు అమ్మ, బసమ్మ. నాకు ఊహ తెలిసేటప్పటికే అవ్వ వెన్ను కొంచెం వంగి ఉండేది, నోరు మాత్రం నిటారుగా ఉండేది. ఆమె చేతులెప్పుడూ పులిసిన గంజి వాసన వేసేవి. ముందురోజు సాయంత్రం జొన్నపిండి కాచి, పెద్ద బానలో పోసి, మూత పెట్టి, దాని మీద రాయి పెట్టేది. తెల్లవారేసరికి అది పులిసి, ఇల్లంతా ఒక పుల్లటి వెచ్చటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా అంబలి పులిసిన వాసన వస్తే నాకు ఆకలి కాదు, భయం వేస్తుంది. లేవాలి, కళ్లు నులుముకుంటూ బయలుకు పోవాలి, పడుగు పట్టుకోవాలి. బట్టలో నిలువుగా ఉండే పోగులన్నీ కలిపి పడుగు అంటారని నేతవాళ్లు కానివారికి చెప్పాలి కదా. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు ఇంటి పొడవు కంటే ఎక్కువ పొడవుగా బయట చాచి, వెదురు కర్రల కత్తెరల మీద నడుమెత్తున నిలిపి, రెండు కొసలూ తాళ్లతో గుంజలకు బిగించి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఆరబెట్టాలి. కుంచె అంటే బొమ్మలు వేసేది కాదు. గట్టి గడ్డివేళ్లతో కట్టిన, రెండు చేతులతో పట్టుకునే పెద్ద బ్రష్షు. ఇద్దరు మనుషులు పడుగుకు చెరో పక్క నిలబడి ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు అడుగులు కలిపి నడుస్తూ దువ్వుతారు. అడుగు తప్పకుండా పాట ఒకటి పాడతారు. పాటలో దేవుడు ఉంటాడు, మొగుడి మీద ఎకసెక్కాలూ ఉంటాయి, వినేవాళ్లను బట్టి ఏది ఎక్కువో మారుతుంది.

ఈ పనికి ఎండ పడకూడదు. ఎండ తగిలితే గంజి గబుక్కున ఎండి పోగులు పుల్లల్లా పటపట తెగుతాయి. నీడ మరీ ఎక్కువైనా కుదరదు, ఆరదు. గాలి ఆడాలి, కానీ దుమ్ము లేవకూడదు. ఇన్ని కావాలి కాబట్టి మా పెద్దవాళ్లు ముందు బయలు వదిలిపెట్టి, ఆ తరువాత దాని చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు. కానుగ చెట్లు రెండు వరసలు, వరసకూ వరసకూ మధ్య ఒక పడుగు సాగేంత దూరం. కానుగే ఎందుకంటే దాని నీడ మెత్తగా, చల్లగా ఉంటుంది, గాలిని ఆపదు. కానుగ నీడ కన్నతల్లి నీడ అని ఊరికే అనలేదు. ఇప్పుడు పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఊరికి పచ్చదనం ఎక్కడ పెట్టాలా అని పటాలు గీస్తున్నారు, గీయనీ, మంచిదే. కానీ చదువు రాని మా వీధిలో ఆ పటం ఎవరూ గీయకుండానే నేల మీద ఉండేది. కొలబద్ద పడుగే. నేను చిన్నప్పుడు ఒకరోజు, “అవ్వా, బయలు ఖాళీగా ఉంది, ఆడుకోను పోతా” అన్నాను. అవ్వ కండెకు నూలు చుడుతూ చుడుతూ ఆగింది. “కుండ ఖాళీ అవుతాది, కడుపు ఖాళీ అవుతాది. బయలు ఖాళీ ఏందే? అది బయలు” అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ పట్టికలో ఆ మాట రాశారని విన్నాక అర్థమైంది.

పొద్దు కాస్త పైకి వచ్చేసరికి పడుగులు చుట్టేసేవాళ్లు. అప్పుడు బయలు చేతులు మారేది. ముసలివాళ్లు బండల మీద గీసిన పులిమేక గడుల ముందు చేరేవాళ్లు. ఆ గీతలు ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు, ఆడి ఆడి నునుపెక్కి ఉండేవి. ఆడవాళ్లు జొన్నలు చేటల్లో పోసుకుని వచ్చి చెరుగుతూ ఒకరి కోడలి సంగతి ఇంకొకరికి చెప్పుకునేవాళ్లు. హొళగుంద వైపు నుంచి కంబళ్లు అమ్మేవాళ్లు వస్తే అక్కడే మూటలు దించి, కన్నడమూ తెలుగూ కలిపి బేరమాడి, మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు. పక్క వీధిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ వేసే నూనె వాసన, కానుగ పూల వగరు వాసన, ఆరిన గంజి వాసన మూడూ కలిసి ఉండేవి. నా పరీక్షల చదువు అక్కడే. మగపిల్లల ముందు ఆడపిల్లలు పలకకూడదనే కాలంలో నేను గట్టిగా పద్యాలు వల్లె వేస్తే ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే అది ఎవరి ఇల్లూ కాదు, ఎవరి వాకిలీ కాదు. ఒకసారి నేను పద్యంలో తప్పు పలికితే పులిమేక ఆడుతున్న తాతొకడు తలెత్తకుండానే సరిదిద్దాడు. ఆయనకు సంతకం కూడా రాదు. బడిలో ముప్పై ఏళ్లు నేను చెప్పిన తెలుగులో సగం ఆ చెట్ల కింద ఏరుకున్నదే.

బయలుకు ఉన్న చట్టం ఒకటే. పడుగు దాటకూడదు. చాచిన పడుగు మీదుగా కాలు వేసి దాటకూడదు, కింద నుంచి దూరనూ కూడదు. అవతలికి పోవాలంటే ఎంత దూరమైనా చుట్టూ తిరిగి పోవాలి. దాటితే నేసేవాడి చేయి పడిపోతుందని చెప్పేవాళ్లు. అసలు కారణం కాళ్ల దుమ్ము రాలుతుందని, కొంగు తగిలి పోగు తెగుతుందని పెద్దయ్యాక తెలిసింది. తెలిసినా దాటలేదు. టపా తెచ్చేవాడు సైకిలు దిగి చుట్టూ తోసుకుంటూ పోయేవాడు. పెళ్లి ఊరేగింపులు చుట్టూ పోయేవి. పీర్ల పండగ నాడు నా స్నేహితురాలు హుసేనమ్మ వాళ్ల నాయన కూడా, పీర్లను ఎత్తుకుని, అంత పూనకంలోనూ, పడుగు ముందుకు రాగానే పక్కకు తిరిగేవాడు. ఊళ్లో ఎవరు ఎవరి మాట వినకపోయినా ఆ మాట మాత్రం అందరూ వినేవాళ్లు.

ఇక నా తప్పు. నాకు అప్పటికి తొమ్మిదేళ్లో పదేళ్లో. ఒకరోజు పడుగు చాచేటప్పుడు అవ్వ నా చేతికి తాడు కొస ఇచ్చి గుంజకు కట్టమంది. గుంజ నాలుగడుగుల అవతల ఉంది. దానికి ఇవతల, నా చేతికందేలా, ఎవరో నాటిన కానుగ మొక్క ఒకటి నా మణికట్టంత లావుతో నిలబడి ఉంది. హుసేనమ్మ అప్పటికే ఉగ్గాని పొట్లం పట్టుకుని నాకోసం కాచుకుని ఉంది. నాలుగడుగులు ఎవరు నడుస్తారని ఆ మొక్కకే కట్టి పరిగెత్తాను. పడుగు తడిసి, బిగుసుకుని, లాగింది. మొక్క వంగింది. పడుగు సడలి కిందికి జారి, గంజి పోగులు ఒకదానికొకటి అతుక్కుని, ఆ రోజు పనంతా పాడైంది. మా నాన్న కొట్టడానికి చెయ్యెత్తాడు. అవ్వ అడ్డం వచ్చింది. అడ్డం వచ్చింది కాపాడటానికి కాదని తరువాత తెలిసింది. నన్ను చెవి పట్టుకుని ఆ మొక్క దగ్గరికి తీసుకుపోయింది.

“ఏమ్మే, గుంజకు కట్టమంటే సెట్టుకు కట్టినావే. గుంజకు నొప్పి ల్యాదు. దీనికుంటాది. పానం ఉండే దాన్ని వంచినావు. ఇది బతికినన్నాళ్లూ నీ పూచీ.”

దెబ్బలైతే రెండు రోజుల్లో మరచిపోయేదాన్ని. ఆ పూచీ మాత్రం దిగలేదు. కర్ర పాతి, గుడ్డపీలికలతో కట్టి, ఆ మొక్కను నిలబెట్టాలని ఎండాకాలమంతా చూశాను. బిందెతో నీళ్లు మోశాను. అది బతికింది, పెరిగింది, నిలబడలేదు. బయలు వైపు వంగి, అక్కడి నుంచి మళ్లీ పైకి లేచి, మోకాలు మడిచిన కాలులా తయారైంది. రెండు మూడేళ్లు పోయాక మా నాన్న దాన్ని ఊపి చూసి, గుంజ కంటే ఇదే గట్టిగా ఉందని, పడుగు తాడు దానికే కట్టడం మొదలుపెట్టాడు. ఆయన కట్టాడని అందరూ కట్టారు. తాళ్లు ఒరిసి ఒరిసి చెట్టు చుట్టూ వడ్డాణంలా ఒక గాడి పడింది. బడిలో పిల్లలకు మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత చెప్పినప్పుడల్లా నాకు లోపల నవ్వొచ్చేది. మా చెట్టు మొక్కప్పుడే వంగింది. ఆ తరువాత ఎన్ని గాలివానలు వచ్చినా, ఎన్ని వందల పడుగులు లాగినా, ఒక్క వేలెడు కూడా వంగలేదు. అట్లాంటి చెట్టు పడిపోతుందట. వంగినోళ్లు పడరే, పొగరుగా నిలబడినోళ్లే పడేది అని అవ్వ తన వెన్ను గురించి అనేది. చెట్టుకూ అదే వర్తిస్తుంది.

మరుసటి రోజే బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. ఈరన్నను వెంటబెట్టుకుని ప్లానింగ్ ఆఫీసుకు వెళ్లాను. వాడు దారి పొడవునా “అక్కా, గట్టిగా మాట్లాడొద్దు” అంటూనే ఉన్నాడు. ఆఫీసరు కోస్తా వైపు కుర్రాడు, మర్యాద తెలిసినవాడు, నా విద్యార్థినుల వయసే. కుర్చీ వేయించి, కంప్యూటరులో బొమ్మ చూపించాడు. చుట్టూ ఇనప కంచె, నడవడానికి రాళ్లు పరిచిన బాట, గడ్డి, నీళ్లు చిమ్మే ఫౌంటెన్, గేటు పక్కన టికెట్ గది. ఒక కొసన, మా చెట్టు ఉన్నచోట, నేను ఎమ్మిగనూరును ప్రేమిస్తున్నాను అని మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలు.

“ఎండాకాలం ఆ అక్షరాల నీడలో ఎంతమంది కూర్చుంటారప్పా?” అన్నాను.

“నీడ కోసం షెడ్డు వేస్తున్నామమ్మా. చెట్ల గురించి బాధపడకండి, ఒకటి తీస్తే పది నాటుతాం. ఖర్జూరం చెట్లలా ఉంటాయి, చాలా అందంగా ఉంటాయి.”

“నీడనిచ్చే చెట్టు కొట్టి, నీడలేని చెట్లు పది నాటి, నీడకు రేకుల షెడ్డు వేస్తారా?”

ఈరన్న నా మోచేయి గిల్లాడు. ఆఫీసరుకు కోపం రాలేదు. “ఊరికి పార్కు వద్దంటారా, టీచర్ గారూ?” అన్నాడు.

“వద్దనలేదు. ఉన్న పార్కు తీసేసి పార్కు కడతామంటే కాదంటాండా. మీ బొమ్మలో బాటలుండాయి, దీపాలుండాయి, మనుషులు యాడుండారు? నీ పటం గీసినోళ్లు ఆడ ఒక్క పూట కూచున్నారా? పద్యం చదివే పిల్లకు, పులిమేక ఆడే ముసలాయనకు, మూట దించే కంబళ్లోనికి టికెట్ ఎంత పెడతారు?”

అభ్యంతరాల ఫారం ఒకటి నా ముందు పెట్టాడు. అందులో, స్థలంతో మీ సంబంధం అని అడిగి, యజమాని, కౌలుదారు, పొరుగువారు అని మూడు గడులు ఇచ్చారు. నేను మూడూ కొట్టేసి, ‘చెట్టును వంచినది నేనే’ అని రాసి సంతకం పెట్టాను. అతను చదివి నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, మెల్లగా ఒక మాటన్నాడు. “అమ్మా, మీరు చెప్పినదంతా బాగుంది. కానీ అక్కడిప్పుడు ఎవరూ పడుగు వేయడం లేదు కదా. జ్ఞాపకాలను నేను కాలమ్‌లో రాయలేను. గురువారం పొద్దున కొలతలకు వస్తున్నాం. వాడుకలో ఉన్నట్టు నా కంటికి కనబడితే ఆ మాటే రాస్తాను.”

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. గంజి పెట్టిన నూలు ఇప్పుడు తయారుగా చుట్టి వస్తోంది. బయలులో పడుగు చాచి ఎన్నో ఏళ్లయింది. ఇంకా సిగ్గుపడాల్సింది ఏమిటంటే, నేనా చెట్టును చూసి కూడా ఏళ్లయింది. పూచీ నాది, నేనేమో ఆదోనిలో తాళం వేసిన పార్కు చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. అవ్వ చనిపోయినప్పుడు ఆమె కుంచె నేనే అడిగి తెచ్చుకున్నాను. దానితో ఏం చేస్తున్నానో అడగండి. పుస్తకాల మీద దుమ్ము దులుపుతున్నాను. ఆఫీసు నుంచి తిన్నగా బయలుకు నడిచాను. మధ్యాహ్నం ఎండ రేకుల మీద మరుగుతోంది. చుట్టూ ఉన్న పెంకుటిళ్లు, మట్టిమిద్దెలు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి, వాటి గోడలు తాకితే చేయి కాలుతుంది. బయలులోకి అడుగు పెట్టగానే ఎవరో తడిగుడ్డతో మొహం తుడిచినట్టయింది. ఆటోలు ఆపి డ్రైవర్లు ఇద్దరు నిద్రపోతున్నారు. బండల మీద పులిమేక నడుస్తోంది, ఆడేవాళ్లు మారారు, గడులు అవే. మా చెట్టు వంపులో వీపు ఆనించి ఒక పిల్ల పుస్తకం చదువుతోంది, పెదవులు కదుపుతూ. ఎర్ర గీత ఆ పిల్ల భుజం పక్కనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, కోపం దాన్ని మింగేసింది.

“గురువారం పడుగు సాపుదాం” అన్నాను ఈరన్నతో.

“నాటకమాడుదామా అక్కా?”

“నాటకమేంటికి? ఆ పడుగుతో నువ్వు చీర నేస్తావు. నేసిన చీర నేను కట్టుకుంటా. ఇంగ నాటకం యాడుంది?”

వాడు చెట్టు గాడిలో వేలు పెట్టి చుట్టూ తిరిగాడు. అది మా నాన్న తాడు గాడి కూడా. “గంజి ఎవురు కాస్తారు?” అన్నాడు చివరికి.

గంజి హుసేనమ్మ కాచింది. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు లేవవు, నోరు లేస్తుంది. నేను ఆదోనికి పోయి తెచ్చిన అవ్వ కుంచెను చూసి, “దుమ్ము దులిపినావా దీంతో? నీ సదువు తగలెయ్య” అని నా చేతిలోంచి లాక్కుని వేడినీళ్లలో నానబెట్టింది. గురువారం తెల్లవారకముందే బయలుకు చేరాం. కత్తెరలు నిలబెట్టేటప్పుడే సగంమంది మరచిపోయారని తెలిసింది. పడుగు ఒక పక్కకు ఒరిగింది, పోగులు చిక్కుపడ్డాయి, ముసలి నేతగాళ్లు ఇద్దరు ఒకరినొకరు తిట్టుకున్నారు. నేను కుంచె పట్టి రెండడుగులు వేసేసరికి, “పుస్తకం పట్టిన సెయ్యి, కుంచె పట్టను రాదు, పక్కకు జరుగు” అని హుసేనమ్మ అరిచింది. జరగలేదు. నాలుగోసారి దువ్వేసరికి చేతులకు గుర్తొచ్చింది. కాళ్లకు అంతకంటే ముందే గుర్తొచ్చింది. ఎవరో పాట ఎత్తుకున్నారు, మొగుడి మీద ఎకసెక్కాలతో. గంజి వాసన వీధుల్లోకి పోయింది కాబోలు, ఇళ్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. కొందరు పిల్లలు ఇదేమిటని అడిగారు, నేతవాళ్ల పిల్లలే. ఈరన్న తాడు కొస నాకిచ్చాడు. చెట్టు గాడిలో, సరిగ్గా ఎర్ర గీత మీదుగా, మూడు చుట్లు తిప్పి బిగించాను. గీత తాడు కింద కనబడకుండా పోయింది.

ఆఫీసరు జీపులో వచ్చేసరికి పడుగు బయలు మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లగా చాచి ఉంది. అతను కాసేపు చూశాడు. తరువాత తన పని తనదన్నట్టు, టేపు పట్టే ఉరుకుందును పిలిచి, ఇవతలి గోడ నుంచి అవతలి గోడ దాకా బయలు వెడల్పు కొలవమన్నాడు. ఉరుకుందు నలభై దాటిన మనిషి, ఆఫీసులో దినకూలి, వాళ్ల నాయన పక్క వీధిలో నేసేవాడు. టేపు కొస పట్టుకుని పడుగు దాకా వచ్చి ఆగిపోయాడు. ముందు చెప్పులు విడిచాడు. విడిచాక కూడా కదల్లేదు.

“ఆగావేం? దాటి వెళ్లు” అన్నాడు ఆఫీసరు.

“దాటగూడదు సార్.”

“ఎవరు చెప్పారు?”

“ఎవురూ సెప్పలేదు సార్. దాటగూడదు.”

“సరే, కింద నుంచి దూరు.”

“కింద కూడా పోగూడదు సార్. సుట్టూ తిరిగి పోవల్ల.”

నేను ఉరుకుందుకు ఒక్క మాట చెప్పి ఉండలేదు. అతనితో నాకు పరిచయమే లేదు. అతను టేపు పట్టుకుని పడుగు కొస దాకా నడిచి, చెట్టు చుట్టూ తిరిగి, అవతలి వైపు గోడకు చేరాడు. టేపు రెండు చోట్ల మడత పడి, ఏ కొలతా చెప్పలేని స్థితిలో సాగి నిలబడింది. జనం నవ్వారు. ఆఫీసరు కూడా ఆపుకోలేకపోయాడు. అతను మాత్రం దాటవచ్చు, అతనికి ఏ అడ్డమూ లేదు, బూట్ల కాళ్లతో ఒక్క అంగ వేస్తే చాలు. పడుగు ముందు దాకా వచ్చాడు. ఉరుకుందు మొహం చూశాడు. వెనక్కి తిరిగి, “ఎంతసేపు పడుతుంది?” అని అడిగాడు.

“ఆరేదాకా” అంది హుసేనమ్మ.

ఎండెక్కుతోంది. నిలబడలేక అతను మా చెట్టు వంపు మీదే కూర్చున్నాడు. ఎవరో ఉగ్గాని, రెండు బజ్జీలు కాగితంలో పెట్టి ఇచ్చారు. తిన్నాడు. చెమట ఆరింది. పైకి, ఆకుల వైపు చూశాడు. ఫైలు తెరిచి నన్ను పిలిచాడు. “టీచర్ గారూ, నాకు ఇబ్బంది ఏమిటంటే, ఈ కాగితంలో రెండే మాటలున్నాయి. ఖాళీ, లేకపోతే ఆక్రమణ. ఖాళీ అని రాయలేను. ఆక్రమణ అని రాస్తే మీ అందరికీ నోటీసులివ్వాలి.”

“ఎవరూ ఆక్రమించకుండా అందరూ వాడుకునే నేలకు నీ కాగితంలో మాట లేకపోతే, తప్పు నేలది కాదప్పా. మూడో గడి గీయి” అన్నాను. అతను కాసేపు పెన్ను కొరికి, అంచున చేత్తో ఒక గడి గీసి, నన్నే అడిగి, అక్షరం తప్పు లేకుండా ‘పడుగుల బయలు, వాడుకలో ఉన్నది’ అని రాశాడు. బడిలో ఎన్ని వందల కాపీలు దిద్దానో, ఏ పిల్ల చేతిరాతా నాకంత ముద్దుగా కనబడలేదు. ఆ మాట పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో తను చెప్పలేనని కూడా చెప్పాడు. పట్టిక నుంచి చెట్టు ఇంకా పోలేదు. కొలతలు పూర్తి కాకుండా కాగితం కదలదట. అందుకని జీపు ఎక్కబోతూ ఆగి, ఇంటి పెద్దలా కనబడుతున్నాడని కాబోలు, మా ఈరన్నను అడిగాడు.

“రేపు మళ్లీ టేపు తీసుకుని వస్తాం. రేపటికి ఇది తీసేస్తారు కదా?”

జీవితంలో ఆఫీసు మనిషి కళ్లలోకి చూసి మాట్లాడని మా తమ్ముడు, మనకేంటికక్కా అన్న మా తమ్ముడు, గంజి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

“తీసేస్తాం సార్. రేపు ఇంగొక పడుగుంది.”

అప్పటికి మా ఇంట్లో ఒక్క పోగు నూలు కూడా మిగల్లేదు. జీపు పోయాక ఆ సంగతి గుర్తొచ్చి వాడు నా వైపు బిత్తరపోయి చూశాడు. ఆ సాయంత్రానికి నాలుగిళ్లవాళ్లు తమ నూలు తెచ్చి మా గడప దగ్గర పెట్టిపోయారు.